చీటీ ఎన్నిసార్లు తీశారు? రాండమైజేషన్‌కు హద్దు పెడితే లెక్క ఎక్కడ మారుతుంది

రెండు పద్ధతుల్ని పోల్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. యంత్రాన్ని పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఎనిమిదిసార్లు నడుపుతాం, నాలుగుసార్లు పాత పద్ధతిలో, నాలుగుసార్లు కొత్త పద్ధతిలో. ఏది ఎప్పుడు నడపాలో మన ఇష్టానికి వదిలేస్తే తెలియకుండానే పక్షపాతం దూరుతుంది కాబట్టి ఎనిమిది చీటీలు రాసి, డబ్బాలో కుదిపి, చూడకుండా ఒక్కొక్కటీ తీశాం. వచ్చిన వరస ఇది: పాత, పాత, పాత, పాత, కొత్త, కొత్త, కొత్త, కొత్త.

ఇప్పుడేం చేస్తారు?

ఆ వరసలోనే నడిపితే పొద్దున చల్లగా ఉన్న యంత్రమంతా పాత పద్ధతి వాటాకు, మధ్యాహ్నం వేడెక్కిన యంత్రమంతా కొత్త పద్ధతి వాటాకు పోతుంది. రేపు తేడా కనిపిస్తే అది పద్ధతి వల్లో వేడి వల్లో తేల్చే దారి ఉండదు. అందుకని చాలామంది, ఎవరూ చూడలేదు కదా అని చీటీలన్నీ డబ్బాలో వేసి మళ్లీ తీస్తారు. కంటికి కాస్త కలగలిసినట్టు ఉండే వరస వచ్చేదాకా తీసి, రిపోర్టులో మాత్రం "వరసను పూర్తిగా రాండమ్‌గా ఎంచుకున్నాం" అని రాస్తారు. మళ్లీ తీయడం తప్పని నేను అనను. ఆ చివరి వాక్యంతోనే నా పేచీ అంతా.

వచ్చే వీలున్న వరసలన్నిటికీ సమాన అవకాశం ఇవ్వకుండా, కొన్నిటిని ముందే పక్కన పెట్టి మిగిలిన వాటిలోంచే లాటరీ తీయడాన్ని గణాంక శాస్త్రంలో రెస్ట్రిక్టెడ్ రాండమైజేషన్ అంటారు. మనం హద్దులున్న రాండమైజేషన్ అనుకుందాం. చిక్కేమిటంటే ఇదే పేరును రెండు వేర్వేరు సందర్భాల్లో వాడతారు. చెడ్డ వరసలు రాకూడదని మనం కావాలని పెట్టుకునే హద్దు ఒకటి. పని కుదరక, ఖర్చు భరించలేక, తప్పనిసరై వచ్చిపడే హద్దు రెండోది. చదివేవాళ్లు ఈ రెండిటినీ కలిపేసి తికమకపడతారు. ముందు మొదటిది చూద్దాం, అసలు నష్టాలు జరిగేది ఎక్కువగా రెండోదాంట్లో అయినా.

చెడ్డ వరస అంత అరుదు కాదు

నాలుగు పాత, నాలుగు కొత్త చీటీలను 70 రకాలుగా పేర్చవచ్చు. వాటిలో సగానికి సగం నిలువునా చీలిపోయినవి, అంటే ముందు నాలుగూ ఒకటే పద్ధతి అయినవి, రెండే. 70లో 2 అంటే భయపడక్కర్లేదు అనిపిస్తుంది. కానీ మొదటి సగంలో ఒకే పద్ధతి మూడుసార్లు, రెండోది ఒక్కసారి పడే వరసలు ఇంకో 32 ఉన్నాయి. వాటినీ కలిపితే 34. అంటే దాదాపు సగం లాటరీల్లో పూట తేడా పద్ధతి తేడాలో ఎంతో కొంత కలిసే వస్తుంది. ప్రయోగం ఆరు రన్‌లదే అయితే మొత్తం వరసలు 20, నిలువునా చీలేవి 2. పదింట ఒకటి!

వందలకొద్దీ యూనిట్లున్న ప్రయోగంలో ఈ బాధ తానే తగ్గిపోతుంది. ల్యాబుల్లో, ఫ్యాక్టరీల్లో, పొలాల్లో జరిగే ప్రయోగాలు చాలావరకు చిన్నవి, అందుకే ఇది పాతబడని సమస్య.

ఫిషర్‌కు, గాసెట్‌కు కుదరనిది

రాండమైజేషన్‌ను ప్రయోగాల రూపకల్పనకు పునాదిరాయిగా నిలబెట్టింది రోనాల్డ్ ఫిషర్. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరి, పొలంలో మడులకు ఎరువులు, వంగడాలు ఎలా కేటాయించాలన్న ప్రశ్నతో కుస్తీ పట్టి, 1926లో పొలం ప్రయోగాల అమరిక మీద వ్యాసం, 1935లో ప్రయోగాల రూపకల్పన మీద పుస్తకం రాశాడు. లాటరీ వల్ల పక్షపాతం పోతుందని అందరికీ తెలుసు. ఫిషర్ అంతకంటే గట్టిగా పట్టుబట్టింది ఇంకోదాని మీద: మన అంచనాలో ఎంత తప్పు ఉండవచ్చో నిజాయతీగా కొలవాలంటే, అంటే ఎర్రర్‌ను సరిగ్గా లెక్కకట్టాలంటే, లాటరీ తప్పనిసరి.

గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేస్తూ "స్టూడెంట్" అన్న మారుపేరుతో రాసిన విలియం గాసెట్ దీన్ని ఒప్పుకోలేదు. నేల సారం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా మారుతుందని కళ్లకు కనిపిస్తుంటే, రెండు రకాలూ అన్ని చోట్లా సమంగా పడేలా చేత్తో పేర్చుకోకుండా గుడ్డి లాటరీకి వదిలేయడమేమిటి అన్నాడు. 1937లో ఆయన పోయాక, మరుసటి ఏడాది బయోమెట్రికా పత్రికలో అచ్చయిన ఆయన వ్యాసం కూడా ఈ వాదన మీదే.

గాసెట్ మాటలో నిజముంది. సమంగా పేర్చితే అసలు తప్పు తగ్గుతుంది. తగ్గిన ఆ తప్పు లెక్కలో కనిపించదు, అది వేరే గొడవ. పైగా తప్పు పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. ఇది వినగానే తిరకాసుగా ఉంటుంది కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

మన ఎనిమిది రీడింగుల్నే తీసుకోండి. రెండు పద్ధతుల మధ్య నిజానికి ఏ తేడా లేదనుకుందాం. అప్పుడు ఆ ఎనిమిది అంకెల మధ్య ఉన్న మొత్తం హెచ్చుతగ్గు ఒక స్థిరమైన సంఖ్య. ఏ అంకెకు పాత అని, ఏ అంకెకు కొత్త అని చీటీ అంటించినా అది మారదు. మారేదల్లా పంపకం. అందులో కొంత రెండు పద్ధతుల సగటుల మధ్య తేడాగా కనిపిస్తుంది, మిగిలింది ఒక్కో పద్ధతి లోపలి హెచ్చుతగ్గుగా కనిపిస్తుంది. ఈ రెండో ముక్కనే మనం ఎర్రర్ అంటాం, మొదటి ముక్కను దాంతో పోల్చి "తేడా ఉంది" అనో "లేదు" అనో తేలుస్తాం. 70 వరసలకూ సమాన అవకాశం ఉన్నప్పుడు సగటున ఈ రెండు ముక్కలూ సరైన నిష్పత్తిలోనే పడతాయి, ఒకదానికి ఇంకోటి సరైన కొలబద్ద అవుతుంది. ఇప్పుడు మీరు పూట తేడా ఇరువైపులా సమంగా పడే వరసల్నే ఎంచుకున్నారు. మొదటి ముక్క చిన్నదైంది. మొత్తం మారదు కాబట్టి అక్కడ తగ్గింది రెండో ముక్కలోకి వచ్చి చేరింది. అసలు తప్పు తగ్గింది, కొలిచిన తప్పు పెరిగింది. ఇంత జాగ్రత్తగా పేర్చి చివరికి ఉన్న తేడాను కూడా "రుజువు కాలేదు" అని చెప్పుకునే స్థితికి వస్తాం.

చాలామందికి ఇది తలకిందులుగా గుర్తుంటుంది. మంచి వరసలు ఏరుకుంటే లేని తేడా ఉన్నట్టు వస్తుందేమోనని భయపడతారు. పైన చెప్పిన సందర్భంలో జరిగేది దానికి వ్యతిరేకం.

బ్లాకు

దీనికి ఫిషర్ దగ్గరే మందు ఉంది, అదే బ్లాకింగ్. పూట తేడా ఉంటుందని తెలిస్తే రోజును రెండు సగాలుగా విడగొట్టి, ఒక్కో సగంలో రెండు పాత, రెండు కొత్త ఉండాలని నియమం పెట్టి, ఆ సగం లోపల మాత్రం లాటరీ తీయాలి. ఒక్కో సగంలో 6 వరసలు, మొత్తం 36. నిలువునా చీలే వరస ఇక రానే రాదు. తర్వాత లెక్క చేసేటప్పుడు పూట తేడాను విడిగా తీసి పక్కన పెట్టాలి, అప్పుడు ఎర్రర్ ముక్కలో ఊరికే చేరిన బరువు దిగిపోతుంది. గాసెట్ కోరుకున్న సమతూకం, ఫిషర్ అడిగిన నిజాయతీ రెండూ దక్కుతాయి.

అంటే బ్లాకింగ్ కూడా హద్దులున్న రాండమైజేషనే. హద్దును లెక్కలో కూడా చూపించారు, అంతే తేడా. హద్దు పెట్టి లెక్కలో మరిచిపోతే అది గాసెట్ గుంట.

మరి ఇంకా బిగిస్తే? రెండేసి రన్‌లను జతగా కట్టి, ప్రతి జతలో ఒకటి పాత, ఒకటి కొత్త ఉండాలంటే మిగిలేవి 16 వరసలే. ఇక్కడ ఇంకో సంగతి బయటపడుతుంది. లాటరీ ఆధారంగా చేసే పరీక్షలో, వచ్చిన ఫలితం ఎంత బలమైనదైనా పి-విలువ, అంటే నిజానికి ఏ తేడా లేకపోయినా లాటరీ వల్లనే ఇంత ఫలితం వచ్చే అవకాశం, "ఒకటి బై మొత్తం వరసలు" కంటే కిందికి దిగదు. ఒకవైపు తేడా కోసం చూసే పరీక్షలో 70 వరసలుంటే ఆ అడుగు సుమారు 0.014, 36 ఉంటే 0.028, 16 ఉంటే 0.0625. అంటే నాలుగు జతలతో ప్రయోగం చేసి, నాలుగు జతల్లోనూ కొత్త పద్ధతే గెలిచినా, 5 శాతం గీతను దాటే వీలే లేదు! ప్రయోగం మొదలుకాకముందే ఓడిపోయినట్టు. ఎనిమిది రన్‌లే ఉన్నప్పుడు నేనైతే రెండు సగాల అమరికనే పట్టుకుంటాను, జతల దాకా పోను.

రెండు దిక్కులా మార్పు ఉంటే లాటిన్ చతురస్రం వాడతారు, ప్రతి అడ్డువరసలో ప్రతి నిలువువరసలో ఒక్కో రకం ఒక్కసారే. నాలుగు రకాలను 16 గళ్లలో స్వేచ్ఛగా పేర్చితే 6,30,63,000 అమరికలు వస్తాయి, లాటిన్ నియమం పెట్టగానే అవి 576కి పడిపోతాయి. అంతగా కోసేసినా పద్ధతి నిలబడుతుంది, ఎందుకంటే అడ్డువరసలు, నిలువువరసలు రెండిటినీ లెక్కలో విడిగా తీసేస్తారు.

ఫిషర్‌నే ఇరుకున పెట్టిన ప్రశ్న

ఐదు రకాల లాటిన్ చతురస్రాల్లో క్నూట్ విక్ చతురస్రం అని ఒకటుంది. చదరంగంలో గుర్రం నడకలా ఒక్కో రకం ఒక్కో వరసకు రెండు గళ్లు పక్కకు జరుగుతూ పోతుంది, అందువల్ల చూడడానికి అద్భుతంగా పరుచుకుని ఉంటుంది. అలా పేర్చకండి, లాటరీ తీయండి అనేది ఫిషర్ వాదన. ఐదుకు ఐదు లాటిన్ చతురస్రాలు మొత్తం 1,61,280. వాటిలో ఈ గుర్రం నడకవి 240. అంటే 672 లాటరీల్లో ఒకసారి అది తానుగా వస్తుంది.

అలా వస్తే ఏం చేస్తారని లియోనార్డ్ శావేజ్ ఫిషర్‌ను అడిగాడు. మళ్లీ తీస్తానేమో అన్నాడు ఫిషర్, అలాంటి చతురస్రాలను ముందే మినహాయించే సిద్ధాంతం ఒకటి రావాలని కూడా అన్నాడు. ఈ సంభాషణను శావేజ్ 1962లో అచ్చులో పెట్టాడు. నాకు ఇది చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది. లాటరీ వచ్చిన వరసను గౌరవించాలని జీవితమంతా చెప్పిన మనిషి కూడా మొహం ముందు పిచ్చి వరస కనిపిస్తే మనలాగే డబ్బా కుదుపుతానన్నాడు.

ఆయన అడిగిన సిద్ధాంతానికి అప్పటికే ఒక రూపం వచ్చింది. 1950లో గ్రండీ, హీలీ ఇద్దరూ, ఆ దశకంలోనే విడిగా జాక్ యూడెన్ ఈ దారి పట్టారు. యూడెన్ వ్యాసం ఆయన పోయాక 1972లో అచ్చయింది. వాళ్ల ఆలోచన మూలం ఇది: చెడ్డ వరసల్ని మాత్రమే తీసేస్తే తూకం ఒకవైపు ఒరుగుతుంది, గాసెట్‌కు జరిగింది అదే. కాబట్టి మరీ చెడ్డవాటితో పాటు మరీ సొగసైనవాటిని కూడా తీసేసి, మిగిలిన గుంపులో సగటు మళ్లీ సరిగ్గా కుదిరేలా ఏరాలి.

మన ఎనిమిది రన్‌ల మీదే చేసి చూడొచ్చు. ఎనిమిదింటిని నాలుగు, నాలుగుగా విడగొట్టే మార్గాలు 35, వాటిలో ఏ రెండు రన్‌లను తీసుకున్నా అవి ఒకే గుంపులో పడేది 15 సార్లు. అంటే ఏడింట మూడు వంతులు. ఈ 35లోంచి ఏడింటిని మాత్రమే ఎలా ఏరవచ్చంటే, ఏ రెండు రన్‌లైనా సరిగ్గా మూడింటిలో కలిసి ఉండేలా. నిష్పత్తి అదే, ఏడింట మూడు. తమాషా ఏమిటంటే నాలుగు పాత తర్వాత నాలుగు కొత్త వచ్చేది, ఒకటి విడిచి ఒకటి వచ్చేది, రెండూ లేకుండా కూడా అలాంటి ఏడు దొరుకుతాయి. ఏ గుంపు పాతదో ఏది కొత్తదో నాణెం ఎగరేస్తే 14 వరసలు. వాటిలోంచి లాటరీ తీస్తే బ్లాకులేవీ లేని మామూలు లెక్కే సగటున చెల్లుతుంది, పిచ్చి వరసల భయమూ ఉండదు. కాకపోతే 14 వరసలతో లాటరీ పరీక్షకు అడుగు 0.07 కాబట్టి, ఇక్కడ మామూలు ఎఫ్ పరీక్ష (పద్ధతుల తేడా ముక్కను ఎర్రర్ ముక్కతో భాగించి చూసేది) మీద ఆధారపడాల్సిందే. ఉచితంగా ఏదీ రాదు.

ఇదంతా సొగసుగా ఉన్నా వాడేవాళ్లు తక్కువ. బ్లాకులతో పని జరిగే చోట ఇంత అవసరం రాదు.

తప్పనిసరై వచ్చే హద్దు

ఇప్పుడు అసలు నష్టాల దగ్గరికి వద్దాం. లోహపు రేకుల మీద నాలుగు రకాల పెయింట్ వేసి, ఓవెన్‌లో రెండు వేడిమిల దగ్గర గట్టిపరిచి, ఏది బాగా అంటుకుంటుందో చూడాలి. రెండు వేడిమిలు, నాలుగు పెయింట్లు, ఒక్కో జోడీకి మూడు రేకులు, మొత్తం 24. పూర్తి రాండమైజేషన్ అంటే ఒక్కో రేకుకు ఓవెన్‌ను విడిగా చల్లార్చి, మళ్లీ వేడి చేసి, ఆ రేకు ఒక్కదాన్నే పెట్టి తీయాలి. 24 సార్లు. ఎవరు చేస్తారు? వారం పడుతుంది, కరెంటు ఖర్చు సరేసరి. అందుకని ఓవెన్‌ను ఆరుసార్లు వేడి చేసి, ఒక్కోసారి నాలుగు పెయింట్ల రేకులూ ఒకేసారి లోపల పెడతారు. వేడిమి ఓవెన్ మొత్తానికి ఒకటే, పెయింట్ మాత్రం రేకు రేకుకూ మారుతుంది.

దీని పేరు స్ప్లిట్ ప్లాట్. పేరు పొలం నుంచే వచ్చింది: నీటి తడులు పెద్ద మడికి ఒకేలా ఇవ్వాలి, వంగడాలు మాత్రం ఆ మడిని చిన్న ముక్కలు చేసి వేసుకోవచ్చు. ఫ్రాంక్ యేట్స్ 1935లో ఇలాంటి క్లిష్ట ప్రయోగాల మీద విస్తారంగా రాశాడు.

ఇక్కడ లాటరీ రెండుసార్లు తీశారు. ఆరు ఓవెన్ రన్‌లలో ఏ మూడు ఎక్కువ వేడికి, ఏ మూడు తక్కువ వేడికి అన్నది ఒకటి. ఒక్కో రన్‌లో ఏ పెయింట్ రేకు ఎక్కడ అన్నది ఇంకోటి. రెండు లాటరీలంటే రెండు రకాల ఎర్రర్. ఓవెన్ ఒక్కోసారి ఒక్కోలా పనిచేస్తుంది, తలుపు సరిగ్గా పడలేదు, థర్మోస్టాట్ కాస్త అటూ ఇటూ అయింది; అదేదైనా ఆ రన్‌లోని నాలుగు రేకుల మీదా ఒకేలా పడుతుంది. కాబట్టి వేడిమి గురించి చెప్పడానికి మన దగ్గరున్నవి 24 సాక్ష్యాలు కావు, ఆరే.

లెక్కలో చూస్తే ఇలా ఉంటుంది. 24 సార్లు విడివిడిగా చేసి ఉంటే ఎర్రర్‌కు 16 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే ఎర్రర్‌ను కొలవడానికి మిగిలే స్వతంత్ర సాక్ష్యాలు, దక్కేవి. స్ప్లిట్ ప్లాట్‌లో వేడిమిని పోల్చే ఎర్రర్‌కు 4, పెయింట్లనూ, పెయింట్ వేడిమి కలయికనూ పోల్చే ఎర్రర్‌కు 12. వేడిమి ప్రభావం 5 శాతం గీత దాటాలంటే ఎఫ్ విలువ 16తో అయితే 4.49 చాలు, 4తో అయితే 7.71 కావాలి. ఆట నియమమే మారిపోయింది.

ఇప్పుడు ఇదంతా పట్టించుకోకుండా 24 అంకెలనూ సాఫ్ట్‌వేర్‌లో పోసి బటన్ నొక్కారనుకోండి. ఓవెన్ రన్‌కు రన్‌కు మధ్య వేరియన్స్ (హెచ్చుతగ్గుల కొలత), రేకుకు రేకుకు మధ్య వేరియన్స్ సమానం అనుకుందాం, రెండూ 1. వేడిమిని పోల్చాల్సిన అసలు కొలబద్ద సగటున 1 + 4 × 1 = 5 (ఆ 4 ఒక్కో రన్‌లోని రేకుల సంఖ్య). పెయింట్‌ను పోల్చాల్సింది 1. మీరు రెండూ కలిపేశారు కాబట్టి వచ్చేది (4 × 5 + 12 × 1) ÷ 16 = 2. వేడిమికి 5 ఉండాల్సిన చోట 2 వాడారు. అంటే వేడిమి వల్ల ఏ తేడా లేకపోయినా "ఉంది" అని చెప్పే ప్రమాదం, 5 శాతమే అనుకున్నది, దానికి మూడింతలు దాటుతుంది. అదే సమయంలో పెయింట్‌కు 1 చాలిన చోట 2 వాడారు కాబట్టి నిజంగా మంచి పెయింట్ ఉన్నా కళ్లకు కనబడదు. ఒక్క తప్పుతో లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు. ఎర్రర్ తప్పుగా వేస్తే నష్టం ఒకే దిక్కుకు జరుగుతుందనుకునేవాళ్లు ఈ లెక్కను ఒకసారి చేతితో చేసి చూడాలి.

ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. ఓవెన్‌ను రెండేసార్లు వేడి చేసి, ఒక్కోసారి 12 రేకులు పెట్టి, "ఒక్కో వేడిమికి 12 రీడింగులు" అని చెప్పుకోవడం. ఇక్కడ వేడిమికి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ సున్నా. రెండు ఓవెన్ రన్‌ల మధ్య తేడాకూ, రెండు వేడిమిల మధ్య తేడాకూ ఏ భేదం లేదు, 12 రేకులు పెట్టినా 1200 పెట్టినా అంతే. జీవావరణ శాస్త్రంలో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో ఈ జబ్బుకు సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టాడు, తెలుగులో చెప్పాలంటే దొంగ పునరావృతి. నేను కూడా మొదట్లో ఇలాంటి పట్టిక ముందు కూర్చుని, వరసలు లెక్కపెట్టి, ఎన్ని ఎక్కువ రీడింగులో అని మురిసిపోయినవాణ్నే. ఓవెన్ ఎన్నిసార్లు వెలిగించారని అడగాలన్న ఆలోచనే రాలేదు.

వరస రాండమ్‌గా ఉంటే చాలదు

దీంట్లో ఒక మెలిక అనుభవమున్నవాళ్లను కూడా పడేస్తుంది. 24 రన్‌ల వరసను కంప్యూటర్‌తో నిజాయతీగా కలగలిపించారు, ఒక్కో రేకునూ విడిగానే పెడుతున్నారు. వరసలో పక్కపక్కనే రెండుసార్లు ఒకే వేడిమి వచ్చింది. ఓవెన్ ఎలాగూ ఆ వేడిమి దగ్గరే ఉంది కదా అని నాబ్ ముట్టుకోకుండా రెండో రేకు పెట్టేశారు.

అక్కడే హద్దు వచ్చి పడింది. ఆ రెండు రేకులూ ఒకే వేడి చేయడంలో పుట్టినవి, ఆ వేడిమి పెట్టడంలో జరిగిన తప్పు రెండింటికీ ఉమ్మడి. కాగితం మీద పూర్తి రాండమైజేషన్, పనిలో స్ప్లిట్ ప్లాట్, అదీ ఒక్కో పెద్ద మడిలో ఒక్కో సంఖ్యలో రేకులున్న వంకర స్ప్లిట్ ప్లాట్. 1990లలో గంజూ, లూకాస్ ఈ సంగతిని ప్రత్యేకంగా ఎత్తిచూపి, వరసను కలపడం ఒకటి, ప్రతి రన్‌కూ అన్నిటినీ మొదటి నుంచి అమర్చుకోవడం ఇంకొకటి అని విడదీసి చూపించారు. ప్రతిసారీ నాబ్‌ను సున్నాకు తిప్పి మళ్లీ పెట్టగలిగితే సరే. పెట్టలేకపోతే ముందే ఒప్పుకుని స్ప్లిట్ ప్లాట్‌గానే ప్లాన్ చేసుకోవడం మంచిది, ఎలాగూ దానివల్ల పెయింట్‌నూ, కలయికనూ మరింత నిశితంగా పోల్చగలం. స్ప్లిట్ ప్లాట్‌ను లోపంగా చూసే అలవాటు మనకు ఎందుకు వచ్చిందో నాకైతే అర్థం కాదు. అడగాల్సిన ప్రశ్న పెయింట్ గురించి అయినప్పుడు అదే మెరుగైన డిజైన్.

మందుల ప్రయోగాల్లో

క్లినికల్ ట్రయల్స్‌లో పరిస్థితి వేరు. పేషెంట్లు ఒక్కొక్కరుగా వస్తారు, అందరి జాబితా ముందే చేతిలో ఉండదు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ మందు మీద బ్రిటన్ వైద్య పరిశోధన మండలి చేసి 1948లో ప్రకటించిన ప్రయోగాన్ని ఆధునిక రాండమైజ్డ్ ట్రయల్స్‌కు తొలి మైలురాయిగా చెబుతారు. 55 మందికి మందుతో పాటు పడక విశ్రాంతి, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలల్లో మొదటి గుంపులో 4గురు, రెండో గుంపులో 14 మంది చనిపోయారు. అందులో కేటాయింపు పట్టికల్ని బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఒక్కో కేంద్రానికి, అక్కడ ఆడవాళ్లకూ మగవాళ్లకూ విడివిడిగా తయారుచేశాడు. అంటే తొలి మైలురాయే హద్దులున్న లాటరీ.

ఇప్పుడు ఎక్కువగా కనిపించేది చిన్న బ్లాకుల పద్ధతి: వచ్చే ప్రతి నలుగురిలో ఇద్దరికి మందు, ఇద్దరికి డమ్మీ. ఇక్కడ హద్దుకు కొత్త వెల ఉంది. ముగ్గురికి ఏం ఇచ్చారో తెలిసిన డాక్టరుకు నాలుగో వ్యక్తికి ఏం వస్తుందో చెప్పడానికి జాతకం అక్కర్లేదు. అలా తెలిసిపోతే ఎవరిని చేర్చుకోవాలన్న దాంట్లో చేతివాటం మొదలవుతుంది, అసలు లాటరీ తెచ్చిందే దాన్ని ఆపడానికి. అందుకే బ్లాకు పరిమాణాన్ని బయటపెట్టరు, మధ్యమధ్యలో మారుస్తారు. 1971లో బ్రాడ్లీ ఎఫ్రాన్ ఇంకో దారి చూపాడు: గుంపులు సమంగా ఉంటే మామూలు నాణెం, ఒకటి వెనకబడితే దానివైపు మూడింట రెండు వంతులు మొగ్గే నాణెం. తూకం మెల్లగా సర్దుకుంటుంది, ఎప్పుడూ ఏదీ ఖాయం కాదు. నాకు చాలా నచ్చిన పరిష్కారం ఇది.

తర్వాత కథ మాత్రం మళ్లీ పాతదే. కేంద్రం ప్రకారం, వయసు ప్రకారం విడగొట్టి లాటరీ తీసి, విశ్లేషణలో ఆ కేంద్రాన్నీ వయసునూ వదిలేస్తే గాసెట్ గుంటలోనే పడతాం: కొలిచిన ఎర్రర్ ఉబ్బుతుంది, మందు పనిచేసినా పట్టుకునే బలం తగ్గుతుంది.

మళ్లీ డబ్బా దగ్గరికి

నచ్చేదాకా చీటీలు తీయడానికి కూడా ఇప్పుడు ఒక పద్ధతి వచ్చింది. కారీ మోర్గన్, డొనాల్డ్ రూబిన్ 2012లో దీన్ని రీరాండమైజేషన్ పేరుతో గట్టి పునాది మీద నిలబెట్టారు. రెండు గుంపులూ ఎంత సమంగా ఉంటే ఒప్పుకుంటామో ముందే అంకెల్లో రాసిపెట్టుకోవాలి. కంప్యూటర్‌తో లాటరీ తీయించాలి, ఆ గీత దాటకపోతే పారేసి మళ్లీ తీయించాలి. చివర్లో లెక్క చేసేటప్పుడు, గీత దాటిన వరసల్లోంచే ఒకటి వచ్చిందన్న సంగతిని లెక్కలోకి తీసుకోవాలి, అంటే పోలిక కూడా ఆ వరసలతోనే. "కంటికి బాగుంది" అన్నది గీత కాదు, ఎందుకంటే మీ కంటికి బాగున్న వరసలు మొత్తం ఎన్నో మీకే తెలియదు, తెలియని గుంపుతో పోల్చలేరు.

మొదట్లో చెప్పిన ఎనిమిది రన్‌ల ప్రయోగం రేపు నేనే చేయాల్సి వస్తే ఇలా చేస్తాను. పొద్దున రెండు పాత రెండు కొత్త, మధ్యాహ్నం రెండు పాత రెండు కొత్త ఉండే 36 వరసలను కాగితం మీద నంబర్లు వేసి రాస్తాను. ఒకటి నుంచి 36 దాకా ఒక్క అంకె ఒక్కసారే తీయిస్తాను, ఏది వస్తే అది. ఫలితాలు వచ్చాక రెండు పద్ధతుల తేడాను ఆ 36 వరసల్లో ఒక్కోదాని ప్రకారం చీటీలు మార్చి మార్చి లెక్కకట్టి, మనకు వచ్చింది ఎన్నో స్థానంలో ఉందో చూస్తాను. లంచ్ తర్వాత యంత్రాన్ని మళ్లీ మొదటి నుంచి సెట్ చేశామా లేదా అన్నది ల్యాబ్ పుస్తకంలో టైముతో సహా రాసిపెడతాను. 36 వరసల కాగితాన్ని రిపోర్టుకు వెనక పిన్ చేస్తాను.